పాత జపాను బేస్ గిటారుకు కొత్త పికప్పులు: నెల్లూరులో నా అనుభవం

లోతైన స్వరాలు పలికే నాలుగు తీగల బేస్ గిటారులో అన్నిటికంటే లావైన తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి మీటితే వచ్చే స్వరం సెకనుకు 49 కంపనాలది. మన ఇళ్లకు వచ్చే కరెంటుది 50. ఈ రెండూ ఇంత దగ్గరగా ఉండటం వల్ల, పికప్పుల్లోకి (తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగాల్లోకి) కరెంటు హమ్మింగ్, అంటే ఆగకుండా వినిపించే రొద, చేరిన గిటారు మీద ఆ స్వరాన్ని వాయించి నిలిపితే అది నిలకడగా ఉండదు, సెకనుకు ఒకసారి చొప్పున ఉబ్బుతూ తగ్గుతూ వినిపిస్తుంది. అన్నిటికంటే సన్నటి తీగను ఏ మెట్టూ నొక్కకుండా మీటితే పలికే 98 కంపనాల స్వరానికీ ఇదే ఇబ్బంది, ఎందుకంటే హమ్మింగులో 50తో పాటు దాని రెట్టింపైన 100 కూడా కలిసి ఉంటుంది. ఈ రెండు స్వరాల పేరూ జి. అమెరికాలో కరెంటు 60 ఆవృత్తులది కాబట్టి అక్కడి వాయిద్యకారులకు ఈ చిక్కు మరో స్వరం దగ్గర ఎదురవుతుంది.

మా బృందంలో పాడే అమ్మాయిది 5 శ్రుతి, అంటే సరిగ్గా జి. ఆమె షడ్జం మీద నిలిచిన ప్రతిసారీ, ఆమెకు ఆధారంగా నేను మోగించవలసిన స్వరం కరెంటుతో పేచీ పడుతూ ఉండేది. పికప్పులు మార్చాలన్న ఆలోచన మొదలైంది అక్కడే గాని, గిటారు ఇంకా పెద్దగా మోగాలన్న కోరికతో కాదు.

మేము నెల్లూరు వేదాయపాళెంలో ఒక మేడ మీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు కలుస్తాము. కీబోర్డు, లీడ్ గిటారు, రిథమ్ ప్యాడ్, డోలక్ వాయించేవాళ్లందరూ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లోనో చర్చి క్వయర్లలోనో చేయి తిరిగినవాళ్లే. పెళ్లి స్టేజీ మీద పాట రికార్డులో ఉన్నట్టే రావాలి, ఒక్క బిట్టు తప్పినా ముందు వరసలో కూర్చున్నవాళ్లు పట్టేస్తారు. ఆదివారాల్లో మాత్రం ఒక పల్లవిని పట్టుకుని, ఎవరికి తోచిన దారిలో వాళ్లు పెంచుకుంటూ, ఒకరి మాటకు మరొకరు బదులిస్తూ అరగంట దాకా సాగిస్తాము. కచేరీల్లో నెరవల్ (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడటం) విన్నవారికి ఇది కొత్తగా అనిపించదు. అమెరికాలో ఇలా వాయించడాన్నే జీవితంగా చేసుకున్న బృందాలను జామ్ బ్యాండ్లు అంటారు, వాటన్నిటికీ పెద్ద దిక్కుగా చెప్పుకొనేది 1965లో కాలిఫోర్నియాలో మొదలైన గ్రేట్‌ఫుల్ డెడ్‌ను. వాళ్ల కచేరీలను శ్రోతలే రికార్డు చేసుకోవడానికి ఆ బృందం అనుమతి ఇచ్చింది. ఆ రికార్డింగులు ఇంటర్నెట్ ఆర్కైవులో వేల సంఖ్యలో ఉన్నాయి కనుక నెల్లూరులో కూర్చుని కూడా వాటిని వినవచ్చు.

ఆ బృందపు బేస్ వాద్యకారుడు ఫిల్ లెష్. చిన్నప్పుడు వయొలిన్, తరువాత ట్రంపెట్ నేర్చుకుని, ఆధునిక పాశ్చాత్య సంగీత రచనను చదువుకున్న మనిషి. 1965లో ఆ బృందపు లీడ్ గిటారిస్టు జెర్రీ గార్సియా పిలిచేదాకా బేస్ గిటారు పట్టుకోలేదు. బహుశా అందుకే, బేస్ అంటే తాళానికి కాపలా కాయడమేనన్న అలవాటు ఆయనకు అంటలేదు. కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మూలస్వరాన్ని పదేపదే మోగించకుండా, లీడ్ గిటారుకు సమాంతరంగా రెండో రాగరేఖను నడిపించినట్టు వాయిస్తాడు. ఆయన 2024 అక్టోబరులో 84 ఏళ్ల వయసులో కన్నుమూశాక ఆ రికార్డింగులను మళ్లీ వరసగా విన్నాను. ఆయన వేసిన స్వరాల కంటే, ఎంత వేగంలోనైనా ఏ స్వరానికి ఆ స్వరం విడిగా వినపడటం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. దానికోసం ఆయన పడ్డ తపన కూడా తక్కువేమీ కాదు. తన గిల్డ్ స్టార్‌ఫైర్ గిటారులోని ఎలక్ట్రానిక్స్‌ను అలెంబిక్ సంస్థవాళ్లతో పూర్తిగా మార్పించుకున్నాడు. 1974లో వాల్ ఆఫ్ సౌండ్ అనే బ్రహ్మాండమైన స్పీకర్ల వ్యవస్థతో తిరిగిన రోజుల్లో ఒక్కొక్క తీగ ధ్వనినీ విడివిడిగా స్పీకర్లకు పంపే ఏర్పాటు ఆయనకు ఉండేది. ఇలాగే అల్లుకుంటూ వాయించే ఆల్‌మన్ బ్రదర్స్ బృందంలోని బేస్ వాద్యకారుడు బెర్రీ ఓక్లీ అయితే ఫెండర్ కంపెనీవాళ్ల జాజ్ బేస్ అనే రకం గిటారుకు గిల్డ్ గిటారు పికప్పును బిగించుకున్నాడు. వీళ్లిద్దరూ పికప్పు మార్చింది శబ్దం పెంచుకోవడానికి కాదని, తాము అల్లుకుంటూ పోయే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఉండటానికేనని నేను గట్టిగా నమ్ముతాను.

నా గిటారు 1970లలో జపానులో తయారైన జాజ్ బేస్ నకలు. కావలిలో ఒకప్పుడు ఆర్కెస్ట్రా నడిపిన ఒక మాస్టారి దగ్గర కొన్నాను. తిరునాళ్లలో, బ్రహ్మోత్సవాల స్టేజీల మీద దశాబ్దాల పాటు మోగిన గిటారు అది. "తీసకపో అబ్బయ్యా, నా వేళ్లు ఇంక ఆ లావు తీగల మీద నిలవడంలా" అని చెప్పి, తీగలతో సహా ఇచ్చారు. తల మీది పేరు అరిగిపోయింది గాని, మెడను బాడీకి బిగించే రేకు మీద జపానులో తయారైనట్టు ముద్ర స్పష్టంగా ఉంది. బాడీ ఒకే చెక్క కాదు, పొరలు అతికించినది. అయినా మెడ ఇప్పటికీ తిన్నగా ఉంది. మెడ వెనుక భాగం వాడి వాడి ఎంత నునుపెక్కిందంటే, కొత్త గిటారును ఎంత డబ్బు పోసి కొన్నా చేతికి ఆ స్పర్శ దొరకదు.

అసలు ఫెండర్ సంగతి వేరు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను, 1960లో రెండు పికప్పుల జాజ్ బేస్‌ను తెచ్చాడు; 1965లో ఆ కంపెనీ అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ చేతికి వెళ్లకముందు తయారైన గిటార్లను ఇప్పుడు పురావస్తువుల్లా చూస్తారు. వాటిలో ఒక్క సోల్డరింగ్ టాకా కదిపినా విలువ పడిపోతుంది. అటువంటిది మీ చేతికి వస్తే దయచేసి లోపల ఏమీ మార్చకండి. నాలాంటివారి దగ్గర ఉన్న జపాను నకళ్లకు అంత పట్టింపు అక్కరలేదు, అవి వాయించడం కోసం ఉన్నవి. అయినా పాత భాగాల్లో ఒక్కటి కూడా పారేయకూడదని, బాడీలో కొత్తగా ఒక్క రంధ్రం కూడా వేయకూడదని మొదటే నియమం పెట్టుకున్నాను.

హమ్మింగుతో పాటు మరో లోపం కూడా ఉండేది. మెడ వైపు పికప్పు ధ్వని కొన్ని నెలలుగా సన్నబడుతూ వచ్చి, చివరికి పూర్తిగా ఆగిపోయింది. స్టోన్‌హౌస్‌పేటలో పాత రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు, నేను బాబాయ్ అని పిలుస్తాను. మల్టీమీటరు పెట్టి నిరోధం చూస్తే బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) వైపు పికప్పు 7 కిలో ఓములకు కాస్త ఎక్కువ చూపింది, జాజ్ బేస్ పికప్పుకు అది సరైన కొలతే. మెడ వైపు దానికి మీటరులో చలనమే లేదు. పైమూత తీసి భూతద్దంతో చూస్తే కాయిల్ అంచున, తీగ బయటికి వచ్చే చోట, పచ్చటి చిలుము సన్నని చారలా పట్టి ఉంది. మైపాడు సముద్రం ఎంతో దూరం లేదు. మా ఊరి ఉప్పుగాలి, చెమట చేతులు కలిసి రాగిని అలా తినేస్తాయి. "ఇనప సామానే నిలవదు ఈడ, ఎంటిక లాంటి తీగ ఏం నిలుస్తాది నాయనా" అన్నారు బాబాయ్.

పికప్పు అంటే అయస్కాంతపు కడ్డీల చుట్టూ చుట్టిన రాగి తీగే. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, ఆ కదలిక కాయిల్‌లో విద్యుత్తును పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే అది. సాధారణంగా వాడే 42 గేజీ తీగ మందం 0.06 మిల్లీమీటర్లు, దాన్ని వేల చుట్లు చుట్టాలి. మా ఊళ్లో బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణాలకు కొదవ లేదు గాని, వాళ్ల చేతికి అలవాటైన తీగ వేరు, ఇది వేరు. చూపించిన చోట, ముట్టుకుంటే తెగే తీగను తాము చుట్టలేమని నిజాయితీగా చెప్పారు. నిపుణుల చేత మళ్లీ చుట్టిస్తే పాత పికప్పు పాత గొంతుతోనే పలుకుతుంది, అది గౌరవించదగిన మార్గం. అయితే దానివల్ల నా హమ్మింగ్ సమస్య తీరదు.

ఎందుకు తీరదో చెప్పాలి. జాజ్ బేస్‌లోని రెండు పికప్పులూ ఒక్కొక్క కాయిల్‌వే. ఒకదాని చుట్టు దిశ, అయస్కాంత ధ్రువాలు రెండోదానికి వ్యతిరేకంగా ఉంటే, రెండు వాల్యూములూ పూర్తిగా తిప్పినప్పుడు రెండింటిలోకీ వచ్చిన హమ్మింగులు ఎదురెదురై కొట్టుకుపోతాయి, తీగల ధ్వని మాత్రం కలిసి వస్తుంది. ఏ ఒక్క వాల్యూమును తగ్గించినా ఆ సమతూకం చెడి హమ్మింగ్ తిరిగి వస్తుంది. పెళ్లి పాటలు వాయించేవారు వాల్యూములను ఒకసారి పెట్టి వదిలేస్తారు. అరగంట సేపు అల్లుకుంటూ పోయేవాడికి అలా కుదరదు. డోలక్ తగ్గినప్పుడు మెడ వైపు పికప్పు మెత్తదనం కావాలి, లీడ్ గిటారు వేగం అందుకున్నప్పుడు బ్రిడ్జి వైపు పికప్పు పదును కావాలి. నా కుడిచేయి సగం సమయం ఆ వాల్యూము మరల మీదే ఉంటుంది.

అందువల్ల ప్రతి పికప్పూ తనలోని హమ్మింగును తానే చంపుకొనే రకం కావలసి వచ్చింది. వాటిలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి కాయిల్ మీద కాయిల్ పేర్చినది. రెండోది ఒకే వరుసలో రెండు లావు తీగలకు ఒక కాయిల్‌ను, రెండు సన్న తీగలకు మరో కాయిల్‌ను వ్యతిరేక దిశల్లో చుట్టి కలిపినది. 1957 నుంచి ప్రెసిషన్ బేస్‌లో కనిపించే రెండు ముక్కల పికప్పుది కూడా ఈ రెండో సూత్రమే. నేను దాన్నే ఎంచుకున్నాను, ఎందుకంటే తెలిసినవారి గిటార్ల మీద రెండు రకాలూ వాయించి చూస్తే దీనిలోనే లావు తీగ స్వరం మొదలయ్యే క్షణం స్పష్టంగా వినిపించింది. బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్పులు కూడా మంచివే, కాని బ్యాటరీకి చోటు కోసం పాత బాడీని తొలచడానికి నా మనసు ఒప్పలేదు.

కొనే ముందు కొలతలు తీసుకోవడం చాలా ముఖ్యం. ఇప్పటి జాజ్ బేస్‌లలో మెడ వైపు పికప్పు బ్రిడ్జి వైపు దానికంటే సుమారు 3 మిల్లీమీటర్లు పొట్టిగా ఉంటుంది. నా గిటారులో మాత్రం రెండు గుంటలూ ఒకే పొడవు, రెండూ పొట్టివే. వెర్నియర్‌తో కొలిచి, స్క్రూల మధ్య దూరాలు కూడా కాగితం మీద గీసుకుని, చెన్నై మౌంట్ రోడ్డులోని ఒక దుకాణానికి ఆ కాగితాన్నే పట్టుకుని వెళ్లాను. మెడ వైపు కొలతవే రెండు కావాలంటే జతగా ఉన్నవాటిని విడదీసి ఇవ్వలేమన్నారు, అయితే విడిగా తెప్పించి ఇచ్చారు. వాటి ఖరీదు నేను గిటారుకు పెట్టిన డబ్బుకు దాదాపు సమానం. ఇంట్లో దీని మీద మాట పడ్డ సంగతి ఇక్కడ విస్తరించను.

పని బాబాయ్ దుకాణంలోనే చేశాము. విప్పకముందే ప్రతి టాకానూ ఫోన్‌లో ఫోటో తీసి, ప్రతి తీగకూ ప్లాస్టర్ ముక్క మీద పేరు రాసి అంటించాను. వాల్యూము కంట్రోళ్లు 250 కిలో ఓములవి; కరకరలాడుతున్నా స్ప్రే కొట్టి తిప్పితే శుభ్రపడ్డాయి, వాటిని మార్చలేదు. టోన్ కండెన్సరు 0.047 మైక్రోఫారడ్‌ది, కొలత సరిగానే ఉంది కాబట్టి దాన్నీ ఉంచాము. రెండు చోట్ల డ్రై సోల్డరు (సరిగా అతుక్కోని టాకా) కనిపిస్తే బాబాయ్ పాత సీసాన్ని పూర్తిగా పీల్చి తీసేసి కొత్తగా టాకా వేశారు. బ్రిడ్జి కిందినుంచి వచ్చే ఎర్త్ తీగ కూడా తుప్పుపట్టి సగం తెగి ఉంది. తీగల మీద చేయి వేస్తే గిటారు రొద తగ్గేది ఆ తీగ వల్లనే కాబట్టి ముందు దాన్నే కొత్తది వేశాము.

ఆ తరువాత షీల్డింగ్, అంటే బయటి రొద లోపలికి రాకుండా లోహపు పొర వేయడం. ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తారు. ట్రాన్స్‌ఫార్మర్లనుంచి, మోటార్లనుంచి వచ్చే గంభీరమైన హమ్మింగ్ అయస్కాంత క్షేత్రం వల్ల పుడుతుంది, దాన్ని ఎదురెదురు కాయిళ్లే ఆపగలవు. ట్యూబులైట్లు, స్టేజీ దీపాల డిమ్మర్ల వల్ల వచ్చే జుయ్ మనే గీర శబ్దంలో ఎక్కువ భాగం విద్యుత్ క్షేత్రం వల్ల వస్తుంది, దాన్ని రాగి రేకు ఆపుతుంది. ఒకటి చేసి రెండోదాన్ని వదిలేస్తే సగం పనే అవుతుంది. గుంటల లోపలంతా జిగురున్న రాగి పట్టీని అంటించి, పట్టీకీ పట్టీకీ మధ్య అక్కడక్కడా సోల్డరు చుక్క వేసి, మొత్తాన్ని ఎర్త్‌కు కలిపాము. జిగురు మీద నమ్మకంతో సోల్డరు మానేయకూడదు. మా ఎండలకు జిగురు వదిలేస్తే మధ్యలో ఒక పట్టీ ఒంటరిగా మిగిలిపోతుంది.

పికప్పులు బిగించే ముందు రెండింటి దిశ ఒకటేనా అని చూడాలి, లేకపోతే రెండూ కలిసి మోగినప్పుడు కింది స్వరాలు ఒకదానినొకటి మింగేసి ధ్వని రేకు డబ్బాలా పలచబడుతుంది. బాబాయ్ దగ్గర ముల్లు తిరిగే పాత మీటరు ఉంది. పికప్పు రెండు తీగలనూ దానికి తగిలించి, స్క్రూడ్రైవరు మొనను అయస్కాంతం మీద ఆనించి, చటుక్కున పైకి లాగారు. ముల్లు కుడివైపు చిన్నగా ఎగిరి పడింది. రెండో పికప్పు మీద అదే చేస్తే ఎడమవైపు ఎగిరింది. దాని తీగలు రెండింటినీ అటుదిటు చేసి మళ్లీ చూస్తే కుడివైపే ఎగిరింది. అంకెలు చూపే డిజిటల్ మీటరులో ఈ క్షణమాత్రపు కదలికను పట్టడం కష్టం. పికప్పుల పని చేసేవారి దగ్గర ముల్లు మీటరు ఒకటి తప్పక ఉండాలని ఆ రోజు అర్థమైంది.

బిగించాక ఎత్తు సరిచేయడానికి పట్టినంత సమయం మిగతా పనంతటికీ పట్టలేదు. చివరి మెట్టు దగ్గర తీగను నొక్కి పట్టి, తీగకూ పికప్పుకూ మధ్య లావు తీగ వైపు 3 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ ఉండేలా మొదలుపెట్టాను. దగ్గరగా పెడితే శబ్దం పెరుగుతుంది గాని, అయస్కాంతం తీగను లాగడం వల్ల పై మెట్లలో స్వరం తేలిపోయి శ్రుతి పట్టు తప్పుతుంది. దూరంగా పెడితే ధ్వని విశాలంగా ఉంటుంది గాని మొదటి దెబ్బలో బలం ఉండదు. మరను పావు చుట్టు తిప్పడం, అదే స్వరవరసను నాలుగు తీగల మీదా వాయించడం, వినడం, మళ్లీ పావు చుట్టు తిప్పడం. ఒకే పికప్పులో రెండు కాయిళ్లు ఉన్నాయి కాబట్టి, రెండో తీగనుంచి మూడో తీగకు దాటేటప్పుడు ధ్వనిలో అతుకు కనపడకుండా చూసుకోవడం దీనిలో ప్రత్యేకమైన పని. కొత్త పికప్పులు కొన్నవారిలో ఎక్కువమంది నిరాశపడేది ఈ ఓపిక చూపకపోవడం వల్లనే అని నా అభిప్రాయం.

ఫలితం గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. హమ్మింగ్ పోయింది; ఏ వాల్యూమును ఎంత తగ్గించినా తిరిగి రాలేదు. జి స్వరం పట్టి నిలిపితే ఊపు లేకుండా సన్నగిల్లి ఆగుతుంది. వేగంగా వాయించిన స్వరాలు విడివిడిగా వినిపిస్తున్నాయి, లీడ్ గిటారు అబ్బాయి నేను ఎటు వెళ్తున్నానో చెవితోనే పట్టుకుని బదులివ్వగలుగుతున్నాడు. మాకు దక్కిన అసలు లాభం అదే. కాని పాత బ్రిడ్జి పికప్పులో పై స్వరాల దగ్గర ఒక గరుకు మెరుపు ఉండేది, కొత్తదానిలో అది కొంత తగ్గింది. రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టిన) నికెల్ తీగలు కొత్తవి వేశాక చాలావరకు తిరిగి వచ్చింది, పూర్తిగా రాలేదు. ఆ మెరుపే ప్రాణమనుకునేవారు పాతదాన్నే చుట్టించుకుని, షీల్డింగ్‌తో సరిపెట్టుకోవడం మేలు.

ఒంగోలులో ఆరుబయట స్టేజీ మీద, జనరేటరు కరెంటుతో, నెత్తిన రంగురంగుల దీపాలు తిరుగుతుండగా వాయించినప్పుడు ఈ పనికి నిజమైన పరీక్ష జరిగింది. గిటారు నిశ్శబ్దంగా ఉంది. అక్కడ మరో సంగతి కూడా చెప్పాలి. తీగలన్నీ ఎర్త్‌కు కలిసి ఉంటాయి కాబట్టి, ఆంప్లిఫయరు ఎర్త్ సరిగా లేకపోతే ఒక చేయి తీగల మీద ఉండగా పెదవి మైకుకు తగిలితే షాకు కొడుతుంది. అది ప్రాణాల మీదికి వచ్చే ప్రమాదం. ప్లగ్గులో మూడో పిన్ను విరిచేసి వాడే అలవాటు మన స్టేజీల మీద ఇంకా పోలేదు. నేను ప్రతిసారీ గిటారును ఆంప్లిఫయరుకు తగిలించాక ముందు తీగలకూ మైకు జాలీకీ మధ్య మీటరుతో వోల్టేజి చూస్తాను, ఏమాత్రం ఎక్కువ చూపినా సరిచేసేదాకా గిటారు ముట్టుకోను. హమ్మింగ్ పోయిందని ఎర్త్ బాగున్నట్టు కాదు.

ఇప్పుడు నేను మెడ వైపు వాల్యూము పూర్తిగా, బ్రిడ్జి వైపుది ముప్పావు వంతు, టోన్ సగం పెట్టి మొదలుపెడుతున్నాను. పాత పికప్పులు రెండింటినీ, వాటి మరలూ స్పాంజీలతో సహా, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టి గిటారు పెట్టెలోనే ఉంచాను. పాత వైరింగ్ ఫోటోలను అచ్చు తీయించి పక్కనే పెట్టాను. మెడ వైపు దాన్ని చుట్టగలిగే మనిషి దొరికితే, అదే 42 గేజీ తీగతో చుట్టించాలని ఉంది.